చక్రం అంచున ఒక డిగ్రీ ఎంత పొడవు?

ఇంజిన్ ముందువైపు ఉండే పుల్లీ మీద చాలాసార్లు ఒకే ఒక్క గీత కనిపిస్తుంది. మొదటి సిలిండర్‌లో పిస్టన్ పూర్తిగా పైకి చేరినప్పుడు ఆ గీత ఇంజిన్‌కు బిగించిన సూచికకు సరిగ్గా ఎదురుగా వస్తుంది. స్పార్క్ మాత్రం పిస్టన్ పైకి చేరకముందే పడాలి. ఎంత ముందు అన్నది ఇంజిన్‌ను బట్టి మారుతుంది. ఇక్కడ 10 డిగ్రీలు అనుకుందాం. ఆ 10 డిగ్రీల గీత పుల్లీ మీద లేదు, గీసుకోవాలి. కోణమానిని పెట్టి కొలుద్దామంటే నడిమధ్యన బోల్టు తల అడ్డం. చేతికి అందేది పుల్లీ అంచు ఒక్కటే, చేతిలో ఉన్నది స్కేలు. అందుకని కోణం గురించిన ప్రశ్న కాస్తా పొడవు గురించిన ప్రశ్నగా మారిపోతుంది: 10 డిగ్రీలంటే ఈ అంచు మీద ఎన్ని మిల్లీమీటర్లు?

లెక్క హైస్కూలులో నేర్చుకున్నదే. వ్యాసాన్ని 3.1416తో గుణిస్తే చుట్టుకొలత వస్తుంది. దాన్ని 360తో భాగిస్తే ఒక డిగ్రీ వాటా తేలుతుంది. పుల్లీ వ్యాసం 150 మి.మీ. అయితే చుట్టుకొలత 471.24 మి.మీ., డిగ్రీకి 1.309 మి.మీ., పది డిగ్రీలకు 13.09 మి.మీ. ఇంతటితో అయిపోయినట్టే అనిపిస్తుంది. నిజానికి పొరపాట్లన్నీ ఈ లెక్క ముగిశాకే మొదలవుతాయి. గుణకారం తప్పి గీత పక్కకు పోవడం అరుదు. ఆ 13.09ని ఎక్కడ, దేనితో, ఎక్కడి నుంచి కొలిచారన్న దగ్గరే తేడా వస్తుంది.

అక్కడికి వెళ్లే ముందు ఒక చిన్న సౌకర్యం. 360ని 3.1416తో భాగిస్తే 114.6 వస్తుంది. అంటే సరిగ్గా 114.6 మి.మీ. వ్యాసం ఉన్న చక్రం మీద ఒక డిగ్రీ ఒక మిల్లీమీటరు అవుతుంది. వ్యాసం 229.2 మి.మీ. ఉంటే డిగ్రీకి రెండు మిల్లీమీటర్లు. ఏ చక్రాన్నయినా అంతే: మి.మీ.లలో వ్యాసాన్ని 114.6తో భాగిస్తే డిగ్రీకి ఎంతో చెప్పేయవచ్చు. రేకునో చెక్కనో 229.2 మి.మీ. బిళ్లగా కోసి, దాని అంచు చుట్టూ మామూలు మిల్లీమీటరు టేపు అంటిస్తే అదే కోణాలు కొలిచే పళ్లెం అవుతుంది. టేపు మీది ప్రతి మిల్లీమీటరూ అర డిగ్రీ. (కార్ల చక్రాల బోల్టుల విషయంలో తరచూ వినబడే 114.3 అనే అంకెకు దీనితో సంబంధం లేదు. అది నాలుగున్నర అంగుళాలు, అంతే.)

ఈ భాగహారం మరో సంగతి కూడా చెబుతుంది. చక్రం పెద్దదయ్యేకొద్దీ చేతి పొరపాటును అది ఎక్కువగా మన్నిస్తుంది. 75 మి.మీ. పుల్లీ మీద గీత అర మిల్లీమీటరు పక్కకు జరిగితే ముప్పావు డిగ్రీ పోయినట్టే. 300 మి.మీ. ఫ్లైవీల్ (ఇంజిన్ ఇరుసుకు బిగించే బరువైన చక్రం) మీద అదే అర మిల్లీమీటరు డిగ్రీలో అయిదో వంతు కూడా కాదు. రెండింటి మీదా గీత గీసుకునే వీలుంటే ఫ్లైవీల్‌నే ఎంచుకోవడం తెలివైన పని.

ఇక అసలు చిక్కు. 13.09 మి.మీ. అన్నది అంచు వెంబడి వంపుగా కొలిచే దూరం, అంటే చాపం. డివైడర్‌ను స్కేలు మీద 13.09కి తెరిచి దాని రెండు మొనలనూ అంచు మీద ఆనిస్తే కొలిచేది వంపును కాదు, రెండు బిందువుల మధ్య తిన్నని దూరాన్ని. అది జ్యా. మన గణితంలో ఈ రెండు పేర్లూ ఒకే బొమ్మలోంచి పుట్టాయి: చాపం విల్లు, జ్యా దాని నారి. ఎంత ఎక్కుపెట్టినా నారి ఎప్పుడూ వింటికన్నా పొట్టిగానే ఉంటుంది. జ్యా కొలవాలంటే వ్యాసాన్ని సగం కోణపు సైన్ విలువతో గుణించాలి. మన 150 మి.మీ. పుల్లీకి పది డిగ్రీల జ్యా 13.07 మి.మీ. వింటికీ నారికీ ఇక్కడ తేడా ఒక మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా లేదు. గీత మందమే దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ముప్పై డిగ్రీల దగ్గర చాపం 39.27, జ్యా 38.82. తేడా దాదాపు అర మిల్లీమీటరు, కన్ను పట్టగలదు. అరవై డిగ్రీల దగ్గర 78.54కి 75. తొంభైకి వచ్చేసరికి 117.81కి 106.07, అంటే పన్నెండు మిల్లీమీటర్లకు కొద్దిగా తక్కువ. చిన్న కోణాల దగ్గర ఒకదాని బదులు ఒకటి వాడినా ఎవరికీ తెలియకపోవడానికీ, పెద్ద కోణాల దగ్గర ఒక్కసారిగా తలకిందులు కావడానికీ కారణం ఇదే.

ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి తన గ్రంథంలో ఇచ్చిన జ్యా పట్టిక ఈ విడిపోవడాన్ని ఎంతో చక్కగా చూపిస్తుంది. అతను వృత్తం చుట్టుకొలతను 21,600 కళలుగా, అంటే డిగ్రీకి అరవై చొప్పున తీసుకున్నాడు; అప్పుడు వ్యాసార్ధం 3,438 కళలు. విల్లునూ నారినీ రెండింటినీ ఒకే కొలతతో కొలవడం ఇందులోని అందం. పట్టికలో అడుగు 225 కళలు, అంటే మూడుంముప్పావు డిగ్రీలు. మొదటి అడుగుకు అర్ధజ్యా, అంటే రెట్టింపు చాపపు జ్యాలో సగం, కూడా 225. చాపం ఎంతో అర్ధజ్యా అంతే. తేడా కళలో భాగం కనుక లెక్కకు రాలేదు. రెండో అడుగుకు చాపం 450, అర్ధజ్యా 449. ఒక్క కళ తగ్గింది. అలా మెల్లగా జారుతూ ఇరవై నాలుగో అడుగుకు, తొంభై డిగ్రీలకు, చాపం 5,400 అయితే అర్ధజ్యా 3,438 దగ్గరే ఆగిపోతుంది. పుల్లీ మీద డివైడర్ పెట్టినవాడు ఎదుర్కొనేదీ ఈ పట్టికలోని ఎడబాటునే.

ఏ పనికి ఏది కావాలన్నది పనిని బట్టి తేల్చుకోవాలి. అంచు చుట్టూ కాగితమో టేపో చుడితే చాపం కావాలి. డివైడర్, వెర్నియర్ కాలిపర్ లాంటివి తిన్నగా కొలుస్తాయి కాబట్టి జ్యా కావాలి. చక్రానికి అయిదు బోల్టులు ఉన్నాయనుకోండి. వాటి కేంద్రాలన్నీ 100 మి.మీ. వ్యాసం గల వృత్తం మీద ఉంటే పక్కపక్క రంధ్రాల మధ్య చాపం 62.83 మి.మీ., జ్యా 58.78 మి.మీ. రేకులో రంధ్రాలు వేసేవారు మొదటి అంకెతో గుర్తులు పెట్టుకుంటే అయిదో రంధ్రం మొదటి దానితో ఎప్పటికీ కలవదు. తిన్నని ఉక్కు స్కేలును వంచకుండా అంచుకు ఆనించి, కంటితోనే సూటిగా అంచు మీదికి దించి గీతలు పెట్టేవారూ ఉంటారు. స్కేలు తాకిన చోటు నుంచి కేంద్రం వైపు చూసి దించితే అది స్పర్శరేఖ లెక్క అవుతుంది. ముప్పై డిగ్రీలకు 43.30 మి.మీ. ఒకే ముప్పై డిగ్రీలకు 38.82, 39.27, 43.30 అని మూడు జవాబులు, మూడూ సరైనవే. తప్పు ఉంటే అడిగిన ప్రశ్నలో ఉంటుంది.

ఒక్క గీత అయితే ఇంతటితో సరిపోతుంది. చుట్టూ పది డిగ్రీలకొకటి చొప్పున ముప్పై ఆరు గీతలు కావాలంటే కథ వేరు. డివైడర్‌ను 13.09కి తెరిచి అంచు వెంట నడిపించారనుకోండి. ప్రతి అడుగూ పది డిగ్రీలకన్నా డిగ్రీలో ఎనభయ్యో వంతు ఎక్కువ పడుతుంది. ఏ ఒక్క అడుగు చూసినా లోపం కనిపించదు. ముప్పై ఆరు అడుగులు పూర్తయ్యేసరికి మాత్రం దాదాపు అర డిగ్రీ, అంచు మీద 0.6 మి.మీ. దాటిపోతారు. లెక్క ఎందుకని 13.09ని 13గా కుదించుకుని, అంచుకు చుట్టిన టేపుతో గీత నుంచి గీతకు కొలుచుకుంటూ పోతే ఇంకా అన్యాయం: 36 సార్లు 13 అంటే 468. చక్రం 471.24. చివరి ఖాళీ మిగతా వాటికన్నా మూడు మిల్లీమీటర్లకు పైగా వెడల్పుగా మిగిలిపోతుంది, అంటే రెండున్నర డిగ్రీల దాకా. అందుకే గీత నుంచి గీతకు కొలవడం మంచి అలవాటు కాదు. ప్రతి దూరాన్నీ సున్నా గీత నుంచే కొలవాలి: 13.1, 26.2, 39.3, 52.4. అప్పుడు ఒక్కో గీతకు దాని పొరపాటు దానిదే అవుతుంది, ముందువాటి పాపం మోయదు.

వ్యాసం కొలవడంలో జరిగే పొరపాటు కూడా ఇలాగే పెరుగుతుంది. π విలువగా 22/7 చాలా, 3.1416 కావాలా అని వాదించుకోవడం చూస్తుంటాం. మన పుల్లీ మీద ఆ రెండింటికీ తేడా మొత్తం చుట్టుకొలతలో 0.19 మి.మీ. అదే వ్యాసాన్ని స్కేలుతో ఉజ్జాయింపుగా కొలిచి ఒక మిల్లీమీటరు తప్పితే చుట్టుకొలతలో 3.14 మి.మీ. పోతుంది. దశాంశ స్థానాల మీద పెట్టే శ్రద్ధలో సగం కాలిపర్ దవడల మీద పెడితే మేలు. గీత పడే చోటునే కొలవాలి కూడా. బెల్టు గాడి లోపలి వ్యాసం తీసుకుని గీతను బయటి అంచున పెడితే లెక్కంతా వృథా. 150 మి.మీ. చక్రానికని డిగ్రీలు అచ్చువేసిన టేపును 165 మి.మీ. చక్రానికి చుడితే, దాని మీద 30 అని ఉన్న గీత నిజానికి 27.3 డిగ్రీల దగ్గర కూర్చుంటుంది.

వ్యాసం జోలికి పోకుండా, π విలువ ఊసే లేకుండా పని జరిపే పాత పద్ధతి ఒకటుంది. సన్నని కాగితపు పట్టీని అంచు చుట్టూ బిగుతుగా చుట్టి, రెండు పొరలు కలిసే చోట సూదితో ఒక్క పోటు పొడవాలి. పట్టీ విప్పితే రెండు చిల్లులు కనిపిస్తాయి; వాటి మధ్య దూరమే చుట్టుకొలత. కాగితం మందం కూడా అందులోనే కలిసిపోతుంది, ఎందుకంటే గీతలు గీశాక చుట్టేదీ ఆ పట్టీనే. ఇప్పుడు ఒక పెద్ద కాగితం మీద 12 మి.మీ. ఎడంతో ముప్పై ఏడు సమాంతర రేఖలు గీయాలి. మొదటి రేఖ నుంచి చివరి రేఖకు 432 మి.మీ. పట్టీలోని మొదటి చిల్లును మొదటి రేఖ మీద, రెండో చిల్లును ముప్పై ఏడో రేఖ మీద ఉండేలా పట్టీని ఏటవాలుగా పరిచితే, మధ్యలోని రేఖలు దాన్ని ముప్పై ఆరు సమాన భాగాలుగా కోస్తాయి. రేఖ పట్టీని దాటే ప్రతిచోటా పెన్సిల్ గీత పెట్టుకుంటూ పోవడమే. భాగహారం చేసింది కాగితం, మనిషి కాదు.

సగానికి మడిచే పద్ధతి ఇంకా నమ్మకమైనది, కానీ అది 180, 90, 45, ఇరవై రెండున్నర వరకే పోతుంది. పది డిగ్రీల దగ్గరికి రాదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఖగోళ పరికరాలు చేసేవారిని వేధించిన చిక్కు సరిగ్గా ఇదే. కంపాసుతో ఏ చాపాన్నయినా రెండు సమభాగాలు చేయవచ్చు. ఒక బిందువు నుంచి ఒక జ్యా, అవతలి బిందువు నుంచి అంతే జ్యా తీసుకుంటే మధ్య బిందువు దొరుకుతుంది, వింటికీ నారికీ తేడా ఎంతున్నా రెండు వైపులా సమానంగా కొట్టుకుపోతుంది. మూడు భాగాలో అయిదు భాగాలో చేయడానికి అలాంటి వీలు లేదు. లండన్‌లో జార్జ్ గ్రాహం 1725లో గ్రీనిచ్ వేధశాల కోసం గోడకు బిగించే ఎనిమిది అడుగుల పాదవృత్త పరికరం చేసినప్పుడు దాని మీద రెండు స్కేళ్లు వేశాడు. ఒకటి అందరికీ తెలిసిన 90 డిగ్రీలది. రెండోది అదే పాదవృత్తాన్ని 96 భాగాలు చేసినది. 96 ఎందుకంటే అరవై డిగ్రీల జ్యా వ్యాసార్ధంతో సమానం కాబట్టి దాన్ని కంపాసుతో నేరుగా పెట్టవచ్చు. ఆ అరవైని వరసగా సగం చేస్తూ పోతే 64 భాగాలు, తొంభైకి 96. రెండో స్కేలు మొదటిదాన్ని తనిఖీ చేయడానికి.

జాన్ బర్డ్ మరో దారి పట్టాడు. అయిదు నిమిషాల చాపం (కోణాల్లో నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు) వరకు పోవాలంటే ఎక్కడ మొదలుపెడితే అంతా సగాలతోనే పూర్తవుతుందని వెనక నుంచి లెక్క వేశాడు. అయిదు నిమిషాలను పదిసార్లు రెట్టింపు చేస్తే 85 డిగ్రీల 20 నిమిషాలు వస్తుంది. ఆ చాపాన్ని లెక్కకట్టిన జ్యాలతో ఒక్కసారి గుర్తిస్తే చాలు, మిగతాదంతా సగం, సగంలో సగం. 1767లో అచ్చయిన అతని పద్ధతిలో కీలకం ఇదే. పొడవును లెక్కించడం తప్పదనుకున్నప్పుడు దాన్ని వీలైనన్ని తక్కువసార్లు చేయడమన్న తెలివి ఇందులో ఉంది. వర్క్‌షాపులో పుల్లీ గీసేవారికీ పనికొచ్చే తెలివే.

ఆ తర్వాత జెస్సీ రామ్స్‌డెన్ చేతి పనిని యంత్రానికి అప్పగించాడు. 1777లో వివరాలు అచ్చయిన అతని విభజన యంత్రంలో 45 అంగుళాల చక్రం, దాని అంచున 2,160 పళ్లు, వాటిలో ఇమిడే ఒక మర ఉంటాయి. మర ఆరు చుట్లు తిరిగితే చక్రం ఒక డిగ్రీ జరుగుతుంది. పంటికీ పంటికీ మధ్య దూరం 1.66 మి.మీ.; మరను కొద్ది కొద్దిగా తిప్పుతూ అందులో చిన్న భాగాలు పట్టవచ్చు. నేటి మెషిన్ షాపుల్లోని డివైడింగ్ హెడ్ కూడా ఇదే వరసది. అందులో సాధారణంగా పిడి 40 చుట్లు తిప్పితే పని ముక్క ఒక చుట్టు తిరుగుతుంది, అంటే చుట్టుకు 9 డిగ్రీలు. పది డిగ్రీలు కావాలంటే పిడిని ఒక చుట్టూ, మరో చుట్టులో తొమ్మిదో వంతూ తిప్పాలి. ఇక్కడ మిల్లీమీటర్ల ప్రసక్తే లేదు.

గీతల మధ్య ఎడం ఎంత కచ్చితంగా ఉన్నా సున్నా గీత తప్పయితే అన్నీ తప్పే. పిస్టన్ పైకి చేరిన క్షణాన్ని కంటితోనో, స్పార్క్ ప్లగ్ రంధ్రంలో పుల్ల పెట్టో పట్టుకోవడం కష్టం, ఎందుకంటే పై చివర దగ్గర పిస్టన్ దాదాపు కదలదు. స్ట్రోకు (పిస్టన్ పైనుంచి కిందికి నడిచే దూరం) 80 మి.మీ., కనెక్టింగ్ రాడ్ 140 మి.మీ. ఉన్న ఇంజిన్‌లో పై చివర నుంచి క్రాంక్, అంటే పుల్లీ బిగించి ఉన్న ఇంజిన్ ఇరుసు, అయిదు డిగ్రీలు తిరిగినా పిస్టన్ దిగేది 0.2 మి.మీ. మాత్రమే. పుల్లీ అంచు ఆలోపు ఆరున్నర మిల్లీమీటర్లు నడిచేసి ఉంటుంది. అందుకని అనుభవజ్ఞులు పిస్టన్ పైకి చేరక ముందే దాన్ని ఆపే అడ్డు ఒకటి ప్లగ్ రంధ్రంలో బిగిస్తారు. చేత్తో మెల్లగా తిప్పి పిస్టన్ తగిలిన చోట సూచిక ఎదుట ఒక గీత, వెనక్కి తిప్పి అటువైపు తగిలిన చోట మరో గీత పెడతారు. రెండింటికీ నడిమి బిందువే సున్నా. మళ్లీ సగం చేయడమే.

దిశ దగ్గర కూడా చాలామంది బోల్తా పడతారు. పది డిగ్రీల ముందు అనే గీత సున్నా గీతకన్నా ముందుగా సూచికను చేరాలి. కాబట్టి పుల్లీ మీద గీస్తున్నట్టయితే అది తిరిగే దిశలో సున్నాకు ముందు ఉండాలి. స్కేలు ఇంజిన్ మీద ఉండి గీత పుల్లీ మీద ఉంటే వరస తిరగబడుతుంది. గీత ఏ వైపు నుంచి వస్తుందో ఆ వైపున ‘ముందు’ డిగ్రీలుంటాయి. తప్పు వైపు గీసిన పది డిగ్రీల గీత ఇరవై డిగ్రీల తేడా తెస్తుంది.

ఇరుసు చక్రం నడిమధ్యన లేకపోవడం మరో దొంగదెబ్బ. కేంద్రం అర మిల్లీమీటరు పక్కకు ఉంటే 150 మి.మీ. చక్రం మీద ఒక వైపు 0.38 డిగ్రీ దాకా పోతుంది. అయితే ఎదురెదురుగా రెండు చోట్ల చదివి సగటు తీస్తే ఈ లోపం దాదాపు పూర్తిగా రద్దయిపోతుంది. కచ్చితమైన కోణ పరికరాల్లో వృత్తానికి రెండు పక్కలా కొలతలు తీయడానికి ఇదొక ముఖ్య కారణం. చూపు వాలు సంగతి చెప్పనే అక్కర్లేదు. సూచిక అంచుకు 10 మి.మీ. దూరంలో ఉండి, కన్ను పది డిగ్రీలు పక్కకు ఉంటే 1.76 మి.మీ. తేడా వస్తుంది. ఇంత కష్టపడి తీసిన 0.02 మి.మీ. చాప, జ్యా భేదం దాని ముందు ఎంత?

కొత్త ఇంజిన్లలో పుల్లీ మీద డిగ్రీలు గీసుకునే అవసరం చాలావరకు పోయింది. క్రాంక్‌కు పళ్ల చక్రం ఒకటి ఉంటుంది. 36 పళ్లకు చోటున్న చక్రంలో పంటికి పది డిగ్రీలు, 60 ఉంటే ఆరు. ఒకటో రెండో పళ్లు కావాలనే తీసేస్తారు; ఆ ఖాళీయే గుర్తు. సెన్సర్ ముందు నుంచి పళ్లు సాగిపోతుంటే కంప్యూటర్ వాటి మధ్య కాలాన్ని కొలుస్తుంది. నిమిషానికి 3,000 చుట్ల వేగంలో పది డిగ్రీలకు పట్టేది 0.56 మిల్లీసెకను. దూరం పోయి కాలం వచ్చింది. అయినా ఆ ఖాళీకీ, పిస్టన్ పై చివరకూ మధ్య ఎన్ని డిగ్రీలున్నాయో కంప్యూటర్‌కు ఎవరో ఒకరు చెప్పాలి. విడిభాగాలు మార్చి కొత్త సెన్సర్ బిగించినప్పుడు ఆ అంకె సరైనదో కాదో చూడడానికి మెకానిక్ ఇప్పటికీ స్పార్క్ పడ్డప్పుడల్లా మెరిసే టైమింగ్ లైటు పట్టుకుని వంగి, తిరుగుతున్న పుల్లీ మీది ఆ తెల్ల గీత ఎక్కడ నిలిచిందో చూస్తాడు.